మొక్కు ఎవరిది, మూల్యం ఎవరిది?

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ కార్యదర్శి గారు ఫోను చేసి, "మతం సమాజానికి హాని చేస్తుందా అనే అంశం మీద మాట్లాడతారా డాక్టరు గారూ?" అని అడిగినప్పుడు వెంటనే సరేనన్నాను. ఫోను పెట్టేశాక భయం పట్టుకుంది. అవునని నమ్మేవారు ఈ ప్రశ్న మీద ఒక సభ పెట్టుకుంటారు, కాదని నమ్మేవారు మరో సభ పెట్టుకుంటారు. ఎవరి సభలో వారికి చప్పట్లు ముందే సిద్ధంగా ఉంటాయి. ఈ హాల్లో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అది మంచిదే. కానీ మాట్లాడేవారికి కష్టం.

నేనెక్కడ నిలబడి మాట్లాడుతున్నానో ముందే చెబుతాను. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా నన్ను నాస్తికురాలు అనడం కంటే సందేహవాది అనడం నాకిష్టం. ఎవరు ఏ మాట చెప్పినా ఆధారమేమిటని అడగడం సందేహవాది పని. ఎదుటివారి మాటకు ఆధారం అడిగి, తన పక్షం వారి మాటను మాత్రం అడగకుండా నమ్మేవారిని నేను సందేహవాదులుగా లెక్కపెట్టను. కాబట్టి ఈ సాయంత్రం నా పక్షం వారికి కూడా కొన్ని మాటలు రుచించకపోవచ్చు.

1986 వానాకాలం. మార్కాపురం వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాకది మొదటి ఉద్యోగం. ఒకరోజు పొద్దున్నే ఎడ్లబండిలో తొమ్మిదేళ్ల పిల్లవాడిని తీసుకొచ్చారు. కనురెప్పలు వాలిపోయాయి. ఉమ్ము మింగలేకపోతున్నాడు. రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడట. కట్లపాము. దాని కాటుకు పెద్దగా నొప్పి ఉండదు, వాపు కూడా ఉండదు, అందుకే మొదట ఎవరూ భయపడరు. విషం మెల్లగా నరాల మీద పనిచేసి, చివరికి ఊపిరి పీల్చే కండరాలను ఆపేస్తుంది. రాత్రి రెండు గంటలకు కరిస్తే నా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదయింది. మధ్యలో ఆ ఏడు గంటలూ మంత్రం వేయించారు. పిల్లవాడు నా చేతుల్లోనే పోయాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ తండ్రి మీద అరిచాను. "నీ కొడుకును నువ్వే చంపుకున్నావు" అన్నాను. ఆయన నాకు ఎదురు చెప్పలేదు. చాలాసేపు నేల చూపులు చూసి, "మంత్రం సరిగా పడలేదేమోనమ్మా" అన్నాడు.

ఆ మాట నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. కొడుకు శవం ఎదురుగా ఉన్నా ఆయనకు మంత్రం మీద అనుమానం రాలేదు, మంత్రం వేసిన తీరు మీద వచ్చింది. ఇది తెలివితక్కువతనమని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ ఆలోచిస్తే తెలిసింది, ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్నని. మన పొలాల్లో తిరిగే పాముల్లో చాలావాటికి విషం లేదు. విషమున్న పాము కూడా కరిచిన ప్రతిసారీ విషం ఎక్కించదు. అంటే పాము కరిచినవారిలో ఎక్కువమంది ఏ వైద్యమూ లేకపోయినా బతుకుతారు. ఆ బతికినవారంతా మంత్రగాడి ఖాతాలో చేరతారు. పోయినవాడి సంగతి వస్తే, ఆయుష్షు తీరిందంటారు. ఇలాంటి లెక్కలో మంత్రం ఎప్పటికీ ఓడిపోదు. పచ్చకామెర్లకు పసరు పోయించుకోవడం కూడా ఇలాంటిదే. సాధారణంగా వచ్చే రకం కామెర్లు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ మంత్రగాడు డబ్బు తీసుకునేవాడు కాదు. తీసుకుంటే మంత్రం పనిచేయదని ఆయన నియమం. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వచ్చేవాడు. ఆసుపత్రికి ఆ వేళ బస్సు లేదు, దారి మంచిది కాదు, మధ్యలో వాగు. ఆ ఊరి వారికి అందుబాటులో ఉన్న మనిషి ఆయనే. ప్రభుత్వం వదిలేసిన చోటులో ఆయన కూర్చున్నాడు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో పోయినవారు సుమారు 12 లక్షల మందని పరిశోధకుల అంచనా. ఏడాదికి సగటున 58,000. ఆ చావుల్లో చాలావరకు ఆసుపత్రి మెట్లెక్కకుండానే జరిగాయి. ఇందులో నమ్మకం వాటా ఎంత, రోడ్డు వాటా ఎంత, పేదరికం వాటా ఎంత? నిజాయితీగా విడదీయమంటే నేను విడదీయలేను. మొత్తం తీసుకెళ్లి మతం పద్దులో రాసేయడం సులువు. కానీ అది తప్పుడు లెక్క.

మీలో కొందరు అప్పుడే అనుకుంటూ ఉంటారు, పాము మంత్రానికీ మతానికీ సంబంధమేమిటని. సరైన ప్రశ్నే. ఏది మతం, ఏది మూఢనమ్మకం అనే గీతను ఎవరికి అనుకూలమైన చోట వారు గీసుకుంటారు. తమకు నచ్చనివన్నీ మూఢనమ్మకాలు, నచ్చినవన్నీ సంప్రదాయాలు. నేను ఆ గీత గీయను. ఏ నమ్మకమైనా సరే, అది మనుషుల మధ్యకు వచ్చి ఏం చేస్తుందో అంతవరకే చూస్తాను.

అలా చూడాలంటే లెక్కలు కావాలి గదా అంటారు. లెక్కలున్నాయి. దేవుడి మీద నమ్మకం తక్కువగా ఉన్న స్వీడన్, డెన్మార్క్ లాంటి దేశాల్లో హత్యలు తక్కువ, జనం ఆరోగ్యం బాగుంది. కాబట్టి మతం హానికరమని నా మిత్రులు వాదిస్తారు. ఆ దేశాల్లో మంచి బడులూ ఆసుపత్రులూ వృద్ధాప్య పింఛన్లూ ఉన్నాయి. రేపటి భయం తగ్గినచోట ప్రార్థన తగ్గడం సహజం కూడా కావచ్చు. ఏది కారణమో ఏది ఫలితమో ఆ అంకెలు చెప్పవు. అవతలి పక్షానికీ లెక్కలున్నాయి. అమెరికాలో 74 వేల మందికి పైగా నర్సులను 16 ఏళ్లు గమనించిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. వారానికి ఒకటి కంటే ఎక్కువసార్లు చర్చికి వెళ్లేవారిలో మరణాలు, అసలు వెళ్లనివారితో పోలిస్తే 33 శాతం తక్కువ. కొట్టిపారేయవలసిన సంగతి కాదిది. కానీ కాళ్లూ చేతులూ బాగున్నవారే చర్చికి వెళ్లగలరు, మంచంపట్టినవారు వెళ్లలేరు. పరిశోధకులు ఆ తేడాను సర్దిచూశామన్నారు, అయినా పూర్తిగా సర్దడం ఎవరి తరమూ కాదు. పైగా ఆయుష్షు పెంచింది దేవుడా, పక్క బల్ల మీద కూర్చుని "ఒంట్లో ఎలా ఉంది" అని అడిగే మనిషా?

ప్రార్థననే నేరుగా పరీక్షించినవారూ ఉన్నారు. గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగిన 1,802 మందిని మూడు జట్లు చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. తమ కోసం ఇతరులు ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు జట్లలో, ప్రార్థన జరిగిన జట్టులో 52 శాతం మందికి, జరగని జట్టులో 51 శాతం మందికి చిక్కులు వచ్చాయి. ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసిన మూడో జట్టులో 59 శాతం మందికి వచ్చాయి. నాస్తిక మిత్రులు ఆ 59ని పట్టుకుని, చూశారా, ప్రార్థన హాని చేసిందంటారు. నేను అనను. అది యాదృచ్ఛికం కావచ్చు, లేదా "నా కోసం ప్రార్థనలు చేసేంత చెడిపోయిందా నా పరిస్థితి" అనే బెంగ కావచ్చు. ఆ పరీక్షలో దూరం నుంచి చేసిన ప్రార్థన వల్ల మేలు కనిపించలేదు. అంతకు మించి ఒక్క మెట్టు కూడా ఎక్కను.

మతాన్నంతా ఒక్క తక్కెడలో వేసి తూచడం కుదరదని నాకిలా అర్థమైంది. తిరుమల మెట్లు, పీర్ల పండుగ, ఆదివారం ప్రార్థన, చేతబడి భయం, అన్నదానం, అంటరానితనం అన్నిటినీ మూటకట్టి మంచిదా చెడ్డదా అంటే ఏం చెబుతాం? అందుకని నా వృత్తి నేర్పిన ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాను. ఏదైనా మందు రాసేటప్పుడు మేము రోగి సమ్మతి అడుగుతాం. బాధ భరించేది రోగి గనుక. అదే ప్రశ్నను మన పల్లె మాటలో పెడితే: మొక్కు ఎవరిది, మూల్యం ఎవరిది? మూల్యం చెల్లించే మనిషి వద్దనగలడా?

మీరు తిరుమల వెళ్లి తల నీలాలు ఇస్తారు. మొక్కు మీది, జుట్టు మీది. నాకు నమ్మకం లేకపోయినా అందులో నేను వేలు పెట్టవలసిందేమీ లేదు. మా అమ్మ నలభై ఏళ్లు శుక్రవారం ఒంటిపూట భోజనం చేసింది. ఆకలి ఆమెదే. పిల్లలమైన మమ్మల్ని ఏ రోజూ పస్తు ఉంచలేదు. ఆమెతో నేను వాదించిన రోజులున్నాయి. ఇప్పుడు తలచుకుంటే ఆ వాదనలు అనవసరం అనిపిస్తుంది.

ఇక జోగిని సంగతికి వద్దాం. 1990లలో నిజామాబాద్ జిల్లాలో ఒక వైద్య శిబిరానికి వెళ్లినప్పుడు నలభై ఏళ్ల స్త్రీ నా దగ్గరికి వచ్చింది. నడుం నొప్పి. వివరాలు రాసుకుంటూ భర్త పేరు అడిగాను. పక్కనున్న నర్సు నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె చిన్నప్పుడు అమ్మవారు పోసిందట. బిడ్డ బతికితే ఎల్లమ్మకు వదిలేస్తామని తల్లిదండ్రులు మొక్కుకున్నారు. బిడ్డ బతికింది. ఆరేళ్లప్పుడు మెడలో తాళి కట్టించి దేవతకు ఇచ్చేశారు. ఈడొచ్చాక ఏం జరిగిందో ఈ హాల్లో విడమర్చి చెప్పనక్కరలేదు. ఊరి పెద్దలకు ఆమె సొత్తు. జాతర్లలో ఆడాలి, పెద్దల శవయాత్రల ముందు ఆడాలి. ఆమెకు పుట్టిన కొడుకును బడిలో వేస్తే తండ్రి పేరు దగ్గర ఖాళీ.

మొక్కు తల్లిదండ్రులది. మూల్యం ఆరేళ్ల పిల్లది. వద్దనడానికి ఆమెకు నోరు కూడా రాలేదింకా. మరో మాట గమనించండి. ఈ ఆచారంలో దేవతకు ఇచ్చిన పిల్లలు దాదాపు అందరూ దళిత వాడల పిల్లలు. దొర గారింట్లోనూ పిల్లలకు జబ్బు చేసింది, దొర గారూ ఎల్లమ్మకు మొక్కారు, కానీ వాళ్లు మేకపోతును ఇచ్చారు. దేవత ఒక్కతే అయినప్పుడు మొక్కులు ఎందుకు వేరయ్యాయి? ఇక్కడ మతం చేసిన పని నాకు స్పష్టంగా కనిపిస్తుంది. బలవంతుడు పేదవాడి కూతురిని కోరితే ఆ పేదవాడు కనీసం మనసులోనైనా శపిస్తాడు. దేవత కోరిందంటే శపించడానికి కూడా భయపడతాడు. తిరగబడవలసిన తండ్రి చేతే తాళి కట్టించింది ఆ నమ్మకం. దీన్ని హాని అనడానికి నాకు ఏ సందేహమూ లేదు.

ఈ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. జోగినుల మధ్యే తిరిగి, వారి పెళ్లిళ్లకూ పిల్లల చదువులకూ దారి వేసినవారిలో హేమలతా లవణం గారు ముందు వరుసలో ఉంటారు. మహాకవి జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కోడలు. తండ్రిది గుడి బయట నిలబెట్టిన కులం, అత్తవారిది దేవుడిని కాదన్న ఇల్లు. ఆమె జోగినులతో పనిచేయడానికి ముందు వారి చేత నాస్తికత్వం ఒప్పించాలని కూర్చుని ఉంటే ఒక్కరు కూడా బయటికి వచ్చేవారు కాదని నా నమ్మకం. "ఇది నీ తప్పు కాదు, నువ్వు వద్దనవచ్చు" అనే మాట ముందు అందాలి. దేవత ఉందా లేదా అన్నది తర్వాత తీరుబడిగా తేల్చుకోవచ్చు.

బాణామతి, చిల్లంగి, చేతబడి అనే పేర్లతో మన ఊళ్లలో జరిగిన దారుణాలను కూడా ఇదే ప్రశ్నతో చూడండి. ఒకరింట్లో జబ్బు. ఇంకొకరి మీద అనుమానం. మంత్రం చదవకుండా ఉండాలని ఆ మనిషి పళ్లు రాళ్లతో ఊడగొట్టిన సంఘటనలున్నాయి, చంపేసినవీ ఉన్నాయి. భయపడింది ఒకరు, ప్రాణం పోయింది మరొకరిది.

ఇప్పుడు తక్కెడలో రెండో పళ్లెం. దీన్ని కూడా అంతే శ్రద్ధగా చూడకపోతే నా మాటకు విలువ ఉండదు.

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిలో భయంకరమైన కరువు. లక్షల మంది పోయారు. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఉన్నారు. యువకుడిగా భూముల సర్వే పని నేర్చుకున్న మనిషి. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, కరువు బాధితులకు కూలి ఇచ్చి తవ్వించారు. తిండి కోసం మతం మారుతున్నారనే మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది కాలువ వల్ల కాదు, ఈ ఆపడం వల్ల. ఆకలితో ఉన్నవాడి "సరే"కు సమ్మతి అని పేరు పెట్టకూడదని ఆయనకు తెలుసు. సాయం ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లు గంజి కోసం మారారని తేలికగా అనేవారున్నారు. ఆ మాట నాకు కోపం తెప్పిస్తుంది. కరువుకు పదేళ్ల ముందే, 1866లోనే, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు తనంతట తాను వెతుక్కుంటూ వెళ్లి చేరాడు. బడి గుమ్మం తొక్కనివ్వని సమాజంలో ఒక మతం వాళ్లకు పలక ఇచ్చింది, పేరు పెట్టి పిలిచింది. దీన్ని హాని అని నేను ఎలా అనగలను?

అలాగని అక్కడితో కథ సుఖాంతమూ కాలేదు. చర్చిలోకి కులం కూడా వెంట వచ్చింది. మాలల చర్చి, మాదిగల చర్చి అని వేరయ్యాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా వర్తింపజేశారు, క్రైస్తవులకు లేదు. మతం మారితే కులం పోయిందని కాగితం అంటుంది. ఊరి శ్మశానం దగ్గరికి వెళ్లి చూస్తే పోలేదని తెలుస్తుంది.

గోదావరి సీమకు వెళ్దాం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు. 1841లో పుట్టి 1909లో పోయారు. వచ్చినవాడి కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టారు. ఆస్తి కరిగిపోయినా పొయ్యి ఆర్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. అన్నం పెట్టడం దేవుడికి సేవ అని ఆమె నమ్మారు. ఆ నమ్మకం నాకు లేదు. కానీ మొక్కు ఆమెది, కరిగింది ఆమె ఆస్తి, కాలింది ఆమె చెయ్యి.

ఇదే ప్రశ్నను నాస్తికులకు వేస్తే సరస్వతీ గోరా గారు గుర్తొస్తారు. కడుపుతో ఉన్న స్త్రీ గ్రహణం వేళ బయటికి రాకూడదన్న రోజుల్లో, ఆమె గర్భవతిగా ఉండి గ్రహణం చూశారు. దయ్యాలున్నాయని ఎవరూ చేరని ఇంట్లో భర్తతో కలిసి కాపురం చేశారు. దేవుడి గురించి తన అభిప్రాయాలు రాసినందుకు గోరా గారికి కళాశాల ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినప్పుడు తమ దగ్గరున్నదంతా అందులో పెట్టారు. నిప్పుల మీద నడిచి, బొగ్గుల వేడి పాదంలోకి అంత త్వరగా దిగదని చూపించారు గానీ, ఎదుటివాడిని నడవమని తోయలేదు. సీతమ్మ గారిని, సరస్వతి గారిని నేను ఒకే వరుసలో కూర్చోబెడతాను. ఒకరు దేవుడు ఉన్నాడన్నారు, ఒకరు లేడన్నారు. ఇద్దరూ తమ మాటకు తామే మూల్యం చెల్లించారు.

మీరు నొచ్చుకోకపోతే మనోవ్యాధుల సంగతి కొంచెం ఎక్కువ చెబుతాను, నాకు తెలిసినంతలో మతం మేలూ కీడూ రెండూ పక్కపక్కనే కనిపించేది అక్కడే. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఏర్వాడి దర్గా ఉంది. మతి చలించినవారిని అక్కడికి తీసుకొస్తే నయమవుతుందని ఎన్నో తరాల నమ్మకం. హిందువులూ వెళతారు. ఆ దర్గా చుట్టూ ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. బంధువులు డబ్బు కట్టి వదిలి వెళ్లేవారు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున ఒక ఆశ్రమం పాకకు నిప్పంటుకుంది. లోపలివారు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది కాలిపోయారు. ఆ కేకలు వినిపించినా మామూలు అరుపులే అనుకున్నారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. చదివి ఆ రోజు అన్నం తినలేకపోయాను.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 2002లో, బెంగళూరు మనోవైద్యుల బృందం ఒక పరిశోధన ప్రచురించింది. అది కూడా తమిళనాడులోనే, ముత్తుస్వామి గుడి. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారిని ఇంట్లోవారు వెంట ఉండి అక్కడ కొన్ని వారాలు ఉంచుతారు. మందులు లేవు. పొద్దున లేచి గుడి పనులు చేస్తారు, పూజకు కూర్చుంటారు. 31 మందిని పరీక్షిస్తే, సుమారు ఆరు వారాల్లో వ్యాధి తీవ్రత 20 శాతం దాకా తగ్గింది. కొన్ని మందులతో వచ్చే ఫలితానికి దగ్గరగా ఉందది. గుర్తుంచుకోండి, పోల్చి చూడడానికి రెండో జట్టు లేదు, 31 మంది చాలా చిన్న సంఖ్య. దేవుడి మహిమ అని ఆ వైద్యులు చెప్పలేదు. భయపెట్టని, ఓదార్చే, అండగా నిలిచే వాతావరణం వల్ల కావచ్చన్నారు.

రెండు చోట్లా నమ్మకం ఒక్కలాంటిదే. దేవుడి సన్నిధిలో ఉంటే నయమవుతుంది. ఒకచోట రోగి పక్కన తల్లో భర్తో ఉన్నారు, చేతిలో చీపురో పూలసజ్జో ఉంది. ఇంకొక చోట కాలికి గొలుసు ఉంది. తేడా అంతా అక్కడే. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని చెప్పింది. దర్గాకు వెళ్లవద్దని చెప్పలేదు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర "దవా, దువా" అనే పేరుతో మందూ ప్రార్థనా కలిపి నడిపారు. దర్గా సేవకులైన ముజావర్లే రోగిని చూసి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి రండి అని పంపేవారు.

చదువు వస్తే ఇవన్నీ పోతాయని చాలామంది అంటారు. 2021 జనవరిలో మదనపల్లెలో బాగా చదువుకున్న ఇంట్లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. మళ్లీ బతికి వస్తారనే భ్రమలో తల్లిదండ్రుల చేతుల్లో ఇద్దరు కూతుళ్లు పోయారు. చాలామంది దాన్ని మతం పద్దులో రాశారు. నేను రాయలేను. అది ముందుగా మనోవ్యాధి. మతం ఆ వ్యాధికి మాటలు అరువిచ్చింది. వేరే కాలంలో, వేరే దేశంలో అదే వ్యాధి వేరే మాటలు వెతుక్కునేది. నన్ను బాధపెట్టేది వేరు: పూజలు మితిమీరినప్పుడు, ఇరుగుపొరుగు వారు భక్తి ఎక్కువైందనుకుంటారు గాని జబ్బేమోనని అడగడానికి జంకుతారు. దేవుడి పేరు వినపడగానే ఎదుటివారు ప్రశ్న మానేస్తారు. మతం వల్ల కలిగే హానిలో పెద్ద భాగం నాకు ఈ జంకులోనే కనబడుతుంది.

మతకలహాల మాటేమిటని అడుగుతారు. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వెళతారు. బీబీ నాంచారి తమ ఆడపడుచు, స్వామి అల్లుడు అని. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరుకు హిందువులు మొక్కుతారు. 1990 డిసెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో వంద మందికి పైగా కత్తులకు బలయ్యారు. కడపలో చదివే గ్రంథాలే హైదరాబాద్‌లోనూ చదువుతారు. కాబట్టి గ్రంథమే కారణమైతే రెండు చోట్లా ఒకటే జరగాలి. జరగలేదు. కత్తి పట్టించినవారు వేరే ఉన్నారు, వారికి మతం పిడిగా దొరికింది. ఆ పిడి అంత సులువుగా ఎందుకు దొరుకుతోందన్నది మాత్రం మతపెద్దలు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నే. పిడి మతమే కానక్కరలేదు కూడా. కంబోడియాలో 1975 నుంచి 1979 వరకు దేవుణ్ణి కాదన్న పాలకులు సుమారు 17 లక్షల మందిని పొట్టనబెట్టుకున్నారు. అక్కడా ఎవరినీ ప్రశ్న అడగనివ్వలేదు.

చివరగా చట్టం గురించి. మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ గారు, ఆయన కూడా డాక్టరే, మూఢాచారాలకు వ్యతిరేకంగా చట్టం కావాలని ఏళ్ల తరబడి తిరిగారు. 2013 ఆగస్టు 20న పుణెలో పొద్దుటి నడకకు వెళ్లినప్పుడు కాల్చి చంపారు. ఆ ఏడాదే చట్టం వచ్చింది. కాల్చిన ఇద్దరికి 2024లో యావజ్జీవ శిక్ష పడింది. ఆ చట్టం దేవుడి జోలికి పోదు. పూజలు, యాత్రలు, ఉపవాసాలు దేన్నీ ముట్టుకోదు. ఫలానా ఫలానా పనులు నేరమని పట్టిక ఇస్తుంది. పాము, కుక్క, తేలు కరిచినవారిని వైద్యానికి పోకుండా ఆపి మంత్రాలూ దారాలూ కట్టడం ఆ పట్టికలో ఉంది. మంత్రం చదవడం నేరం కాదు, ఆపడం నేరం. దాన్ని చదివినప్పుడు నాకు 1986 నాటి ఎడ్లబండి కళ్లముందు కదిలింది.

ఆ ఊరి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. పిల్లవాడు పోయిన కొన్ని నెలలకు నేను ఆ మంత్రగాడి ఇంటికి వెళ్లాను. పోట్లాడాలని వెళ్లలేదు, ధైర్యం కూడగట్టుకుని మాట్లాడాలని వెళ్లాను. ఆయన భార్య నాకు మజ్జిగ ఇచ్చింది. పాముల రకాలు ఆయనకు నాకంటే బాగా తెలుసు. రక్తపింజర కాటుకు ఏమవుతుందో, కట్లపాము కాటుకు ఏమవుతుందో వేళ్ల మీద చెప్పాడు. "రెప్పలు వాలితే నా మంత్రానికి లొంగదమ్మా, అది నాకు తెలుసు" అన్నాడు. మరి ఎందుకు పంపించలేదని అడిగాను. "పొమ్మంటే చేతులెత్తేశాననుకుంటారు. ఆ తల్లి ముఖం చూసి ఎలా పొమ్మంటాను?" అన్నాడు. నేను రోగుల బంధువులతో ఎన్నోసార్లు చెప్పలేక మింగిన మాట అది. మంత్రం మానేయమని ఆయనను అడగలేదు. దారిలో చదవమన్నాను.

రెండేళ్ల తర్వాత ఒక రాత్రి, అప్పటికి ఆ ఊరికి ఆటో వచ్చింది, పదేళ్ల ఆడపిల్లను తీసుకొచ్చారు. కాలు మోకాలి దాకా వాచి ఉంది. రక్తపింజర. కరిచి గంటన్నర కూడా కాలేదు. పిల్ల తల దగ్గర ఒళ్లో పట్టుకుని కూర్చున్నది ఆయనే. దారి పొడుగునా చదువుతూనే వచ్చాడట, గొంతు బొంగురుపోయింది. విషానికి విరుగుడు మందు 10 వయల్స్ సీసాలో కలిపి ఎక్కించడం మొదలుపెట్టాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి పెదవులు కదుపుతున్నాడు. నర్సు ఆయనను బయటికి పంపమంటారా అని కళ్లతో అడిగింది. వద్దని, కూర్చోవడానికి ఒక స్టూలు వేయమన్నాను.